కింద సంతకం ఎవరిది? మూడేళ్లు దాటిన మా హెల్త్ పాలసీ మీద రివ్యూ

వరంగల్‌లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందర ముప్పై నాలుగేళ్లు బల్ల వేసుకుని దస్తావేజులు రాసినవాణ్ణి. క్రయం, దానం, తనఖా, భాగపరిష్కారం, వీలునామా, ఏది కావాలన్నా జనం "రైటర్ సాబ్" అనుకుంటూ వచ్చేవాళ్లు. ఇంట్లో పెట్టిన పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఇప్పుడు ఆరుగురు కూడా ఉండరు. అందుకే 2022 ఆగస్టులో నాకూ మా ఇంటావిడకూ కలిపి హెల్త్ ఇన్సూరెన్స్‌కు దరఖాస్తు పెట్టాక, "మీ ప్రపోజల్ అండర్‌రైటర్ పరిశీలనలో ఉంది" అని ఫోన్‌లో మెసేజ్ వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది. ఎవరో రైటర్ కింద పనిచేసే పిల్లగాడి దగ్గర మన కాయితం ఇరుక్కుందన్నమాట! నా దగ్గరా అలాంటివాళ్లు ఇద్దరుండేవాళ్లు. ఒకడు జిరాక్సులకు, ఒకడు స్టాంపు పేపర్లకు.

రోజూ పొద్దున అదే మెసేజ్. పదకొండో రోజు ఏజెంటుకు ఫోన్ చేశాను.

"తమ్మీ, అసిస్టెంటుతోని అయ్యే పని కానట్టున్నది. అసలు రైటర్‌తోనే మాట్లాడించు."

అవతల చాలాసేపు నవ్వు. "రైటర్ సాబ్, అసలు రైటర్ ఆయనే. పాలసీ ఇయ్యాల్నా వద్దా, ఎంతకు ఇయ్యాలె అని తేల్చెటోడే అండర్‌రైటర్. ఆయన పైన ఇంకెవ్వరు లేరు."

కంపెనీ పేరు రాయను. ఇక్కడ నేను చెప్పే మంచీ చెడూ దాదాపు ఏ కంపెనీ పాలసీలోనైనా ఎదురయ్యేవే. పేరు రాస్తే చదివేవాళ్లు దాన్నే పట్టుకుని అసలు సంగతి వదిలేస్తారు.

మాకు రేషన్ కార్డు లేదు, కాబట్టి అప్పట్లో ఆరోగ్యశ్రీ వర్తించలేదు. అయిదు లక్షల పాలసీ, ఇద్దరికీ కలిపి. అప్పుడు నాకు 57, ఆవిడకు 52. వయసు చూసి వైద్య పరీక్షలు చేయించాలన్నారు. హన్మకొండలో ఒక ల్యాబ్‌కు పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్లాం. రక్తం, మూత్రం, ఈసీజీ. ఖర్చు వాళ్లదే. ప్రపోజల్ ఫారంలో "మీకు ఏవైనా జబ్బులున్నాయా" అన్న ప్రశ్న దగ్గర ఏజెంటు తమ్ముడు గొంతు తగ్గించాడు. "బీపీ సంగతి రాయకుండ్రి. ప్రీమియం పెరుగుతది."

ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. దస్తావేజులో తూర్పు హద్దు కింద బాట రాయాల్సిన చోట పక్కవాడి ఇల్లు రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ రోజు ఎవడూ అడగడు. పదేళ్ల తర్వాత కోర్టులో అడుగుతారు. బీపీ మాత్ర పేరు, ఎన్నేళ్ల నుంచి వేసుకుంటున్నానో, అన్నీ రాశాను. పదమూడో రోజు జవాబు వచ్చింది: పాలసీ ఇస్తాం, పది శాతం ఎక్కువ కట్టాలి, బీపీకి సంబంధించిన చికిత్సలకు నాలుగేళ్లు ఆగాలి, ఒప్పుకుంటే సంతకం చేయండి. ఒప్పుకున్నాను. 2024లో బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఆ గడువును గరిష్ఠంగా మూడేళ్లకు కుదించింది, అది వేరే సంగతి.

అన్నట్టు ఆ పదమూడు రోజుల్లో జరిగిన మంచి పని, ఆ మాట అర్థం తెలుసుకోవడం. మా బిడ్డ ఇంగ్లీషు టీచరు. నేను అసిస్టెంటు కథ చెబితే ఆమె కూడా ముందు నవ్వి, తర్వాత అన్నది: "బాపూ, అండర్ అంటే నౌకరీల కింద కాదు, కాయితం మీద కింద. అడుగున పేరు రాసెటోడు అన్నట్టు."

అడుగున పేరు రాసేవాడు! నా వృత్తంతా ఆ అడుగునే కదా. ఇక ఆమెను వదల్లేదు, పుస్తకాలు తీయించాను.

లాటిన్‌లో సబ్ అంటే కింద, స్క్రీబెరె అంటే రాయడం. కలిపితే సబ్‌స్క్రీబెరె. పాతకాలపు ఇంగ్లీషువాళ్లు ఆ మాటను ముక్కకు ముక్క తమ భాషలో పెట్టుకుని అండర్‌రైట్ అన్నారు. అసలు లాటిన్ మాట తర్వాత ఎప్పుడో నేరుగా ఇంగ్లీషులోకి వచ్చి సబ్‌స్క్రైబ్ అయింది. అంటే మా మనవడు చూసే వీడియోల్లో "లైక్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేయండి" అని అరిచేవాడూ, నా బీపీ రిపోర్టు చూసి పది శాతం పెంచినవాడూ మాటవరసకు ఒక తల్లి పిల్లలే.

మొదట్లో అండర్‌రైట్ అంటే కింద రాయడం, సంతకం పెట్టడం, అంతే. బీమాకు అది అంటుకున్నది పదిహేడో శతాబ్దంలో, ఓడల వ్యాపారం వల్ల. ఓడ పేరు, సరుకు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుంది, మునిగితే ఎంత ఇవ్వాలి, ఇవన్నీ ఒక కాయితం మీద రాసి దళారీ దాన్ని పట్టుకుని డబ్బున్నవాళ్ల చుట్టూ తిరిగేవాడు. ఉదాహరణకు వెయ్యి పౌండ్ల విలువ చేసే ఓడ అనుకోండి. ఒకాయన చదివి, ఆలోచించి, ఆ రాత కింద తన పేరు రాసి పక్కన రెండు వందలు అని వేస్తాడు. దాని కింద ఇంకొకాయన నూట యాభై. వెయ్యి నిండేదాకా కిందికి పేర్లు దిగుతూ పోతాయి. ఓడ క్షేమంగా చేరితే ముందే తీసుకున్న ప్రీమియం వాళ్లది. మునిగితే ఎవరు రాసిన అంకె వాళ్లు ఇచ్చుకోవాలి. ఆ కాయితం అడుగున పేరున్నవాడు అండర్‌రైటర్. పైన రాసినవాడు ఎవడైనా కావచ్చు, నాలాంటి లేఖరి కావచ్చు. పూచీ మాత్రం కింద రాసినవాడిది.

ఇది బాగా నడిచింది ఎక్కడంటే ఒక కాఫీ హోటల్లో. లండన్ టవర్ స్ట్రీట్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన హోటల్ 1688 నాటికే ఉంది. 1691లో లొంబార్డ్ స్ట్రీట్‌కు మార్చాడు. ఆయన బీమా చేసినవాడు కాదు. కాఫీ అమ్మాడు, ఓడల కబుర్లు సేకరించి అందించాడు. ఓడల యజమానులూ దళారులూ డబ్బున్నవాళ్లూ అక్కడే కూర్చునేవాళ్లు. ఈనాటికీ లాయిడ్స్ అనేది ఒక కంపెనీ కాదు, బీమా సంత. అక్కడ యూనిఫాం వేసుకుని తిరిగే సిబ్బందిని ఇప్పటికీ వెయిటర్లనే పిలుస్తారట. ఇది చదివి నేను తెగ సంబరపడ్డాను. మా రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కుదిరిన బేరాలు లోపల కౌంటర్ దగ్గర ఎన్నడు కుదిరినయి? బయానా డబ్బు లెక్కపెట్టేదీ అక్కడే, సాక్షులు దొరికేదీ అక్కడే. మా హోటలాయన కూడా ఒక మూడొందలేళ్లు ఓపిక పడితే...

లాయిడ్స్‌లో పెట్టుబడి పెట్టి పూచీ పడేవాళ్లను "నేమ్స్", అంటే పేర్లు అనేవాళ్లు. మనిషి అక్కర్లేదు, పేరే చాలు. కానీ ఆ పేరు వెనక ఇల్లూ వాకిలీ అన్నీ ఉండేవి, ఎందుకంటే వాళ్ల బాధ్యతకు హద్దు లేదు. 1980ల చివర, 1990ల మొదట్లో ఆస్‌బెస్టాస్ జబ్బుల పరిహారాలూ తుపాను నష్టాలూ మీద పడి ఆ పేర్లలో చాలామంది దివాలా తీశారు.

బిడ్డ ఇంగ్లండ్ గొప్ప చెబుతుంటే నాకు మన ఓరుగల్లు గుర్తొచ్చి ఊరుకోలేకపోయాను. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజులు లాక్కునేవాళ్లు. గణపతిదేవుడు మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మిగతాది ఎవరిది వాళ్లకే వదిలేస్తామని రాతి మీద చెక్కించాడు. లాయిడ్ కాఫీ కాచడానికి నాలుగు వందల ఏళ్ల ముందు మాట. "అది ఇన్సూరెన్స్ కాదు బాపూ, దోచుకోం అని మాట ఇచ్చుడు" అని బిడ్డ తీసిపారేసింది. నిజమే. మునిగినదానికి ఆయన పైసా ఇస్తాననలేదు. అయినా నష్టపోయినవాడి మొహం చూసి రాసిన రాత అది, మన ఊరి రాజుది. రివ్యూలో ఎందుకంటారా, నా రివ్యూ, నా ఇష్టం.

మిగతా మాటలు తొందరగా చెప్పేస్తాను. ప్రీమియం లాటిన్‌లో బహుమతి, ఏటా మనం ఇచ్చేది, వాళ్లు పుచ్చుకునేది. ఇన్సూరెన్సు పాలసీ, ప్రభుత్వ పాలసీ ఒకే మాట కాదు. మనది ఇటలీ వర్తకుల పోలిజ్జా నుంచి వచ్చింది, దాని మూలం గ్రీకులో రుజువు అనే అర్థమున్న మాట. మనం వాడే బీమాలో బీమ్ పారశీకంలో భయం. వాళ్లది సంతకం నుంచి పుట్టింది, మనది భయం నుంచి. నా అనుభవంలో రెండూ ఒకటే.

ఎందుకంటే, వరంగల్‌లో చిట్టీ గురించి తెలియని ఇల్లు ఉండదు. మా వాడకట్టులో ఒకాయన చిట్టీ పాడుకున్నాడు, ష్యూరిటీకి ఇద్దరు కావాలి, "రైటర్ సాబ్, ఒక్క సంతకం" అన్నాడు. రోజుకు వంద సంతకాలు చూసేవాణ్ణి, ఒకటి పెడితే ఏమైంది అనుకుని కింద గీకాను. ఆయన ఆరు నెలలు కట్టి ఊరు విడిచిపోయాడు. రెండేళ్లు, నెలకు నాలుగు వేలు, నేను కట్టాను. లెక్క వేసుకోండి, 96,000. చిట్‌ఫండ్ల చట్టం, 1982 నాటిది, చిట్టీ సభ్యుణ్ణి సబ్‌స్క్రైబర్ అంటుంది. మళ్లీ అదే కింద రాసేవాడు. అంటే నేను కూడా అండర్‌రైటర్‌నే, ప్రీమియం ముట్టని అండర్‌రైటర్‌ని. మా ఇంటావిడ ఇప్పటికీ పెన్ను నా జేబులో ఉంటే ఒకసారి అనుమానంగా చూస్తుంది.

ఇక పాలసీ సంగతి. కాయితాలు మెయిల్‌లో వచ్చాయి, ప్రింట్ తీయిస్తే నలభై రెండు పేజీలు. నచ్చకపోతే వెనక్కివ్వడానికి అప్పట్లో పదిహేను రోజులు గడువుండేది, ఇప్పుడు ముప్పై. మూడు రోజులు ఎర్ర పెన్నుతో కూర్చుని మొత్తం చదివాను. మా ఇంటావిడ పుట్టిన సంవత్సరం తప్పు పడింది. మా దగ్గరైతే సవరణ దస్తావేజు, మళ్లీ అందరూ ఆఫీసుకు రావడం, తలనొప్పి. వీళ్లు ఆధార్ కాపీ పంపమని నాలుగో రోజుకు సరిచేసిన కాయితం పంపారు. దీనికి నిండు మార్కులు.

అయితే నేను వెతికింది వేరే. నలభై రెండో పేజీ అడుగున చూశాను. "అధీకృత సంతకందారు" అని అచ్చు, పైన ఒక పచ్చ టిక్కు, పక్కన తేదీ, సెకన్లతో సహా. ఏదో కంప్యూటర్ సర్టిఫికెట్ నంబరు. పదమూడు రోజులు నా ఈసీజీ ముందేసుకుని కూర్చున్న మనిషి పేరు ఎక్కడా లేదు. కింద రాసేవాడు అనే పేరు పెట్టుకుని కింద ఏమీ రాయలేదు! నేను రాసిన ప్రతి దస్తావేజు చివర నా పేరు, ఊరు ఉంటాయి. తప్పు వస్తే నా బల్ల దగ్గరికే వస్తారు, వచ్చారు కూడా.

అసలు పరీక్ష 2025 నవంబరులో. ఆవిడకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, ఆపరేషన్ అన్నారు. దానికి రెండేళ్లు ఆగాలన్న షరతు మాకు ఎప్పుడో దాటిపోయింది. క్యాష్‌లెస్‌కు, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టేందుకు, ఆస్పత్రివాళ్లు పొద్దున కాయితాలు పంపితే గంటలోపే ఒప్పుకున్నట్టు మెసేజ్ వచ్చింది. ఆ గంటసేపు నాకున్న టెన్షన్ చెప్పలేను. మెసేజ్ చూసి నేనే నమ్మలేదు, కౌంటర్ దగ్గర రెండుసార్లు అడిగాను.

దెబ్బ రూము దగ్గర తగిలింది. మా పాలసీలో రోజు రూము అద్దెకు పరిమితి ఒక శాతం, అంటే అయిదు లక్షలకు 5,000. ఖాళీగా ఉన్న రూము 6,000. మూడు రోజులకు పోతే మూడు వేలు పోతాయి, ఆవిడ ప్రశాంతంగా పడుకుంటుంది కదా అనుకున్నాను. ఎర్ర పెన్నుతో చదివినవాణ్ణే, పన్నెండో పేజీలో నేను గీత గీసిన వాక్యం కూడా అక్కడే ఉంది, కానీ దాని భావం నాకు బిల్లు చూశాకే ఎక్కింది. పరిమితికి మించిన రూములో ఉంటే రూము అద్దె ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, థియేటర్, నర్సింగ్, వీటన్నిటినీ అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. ఆరులో అయిదు వంతులే ఇస్తారు.

మొత్తం బిల్లు 1,12,000. రూము 18,000లో ఇచ్చింది 15,000. డాక్టరు, థియేటర్ వగైరా 60,000లో ఇచ్చింది 50,000. మందులూ పరీక్షలూ 30,000, వీటికి కోత లేదు. గ్లౌజులు, మాస్కులు, అలాంటివి 4,000, అసలే ఇవ్వరు. కంపెనీ కట్టింది 95,000, నా జేబులోంచి 17,000. రోజుకు వెయ్యి ఎక్కువ పెట్టి రూము తీసుకున్నందుకు మూడు వేలు అనుకున్నది పదమూడు వేలయింది. ఇది మోసం కాదు, రాసే ఉంది. కానీ అయిదు లక్షల పాలసీ అని అమ్మేటప్పుడు ఈ ఒక్క వాక్యం నోటితో చెప్పాలి. ఏజెంటు చెప్పలేదు. అడ్మిషన్ కౌంటర్‌లో పాలసీ నంబరు కళ్ల ముందున్న అమ్మాయీ చెప్పలేదు. కొనేవాళ్లు మిగతావన్నీ వదిలేసినా రూము పరిమితి లేని పాలసీ ఏది అని అడగండి. కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి.

ఇంటికి పోయే రోజు డాక్టరు పదింటికి రాసేశాడు. ఆస్పత్రి తుది బిల్లు పంపింది పన్నెండున్నరకు, ఒప్పుకున్నట్టు వచ్చింది అయిదు దాటి పది నిమిషాలకు. 2024 నుంచి నిబంధన ప్రకారం మూడు గంటల్లో ఇవ్వాలి, దాటితే ఆస్పత్రి అదనంగా వేసే ఖర్చు కంపెనీయే భరించాలి. నేను ఆ మాట కౌంటర్‌లో గట్టిగా అన్నాను, సగం రోజు అద్దె వేయబోయినవాళ్లు వేయలేదు. ఆలస్యం ఎక్కడ అని హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఒక ఆడపిల్ల ఎంతో మర్యాదగా, "సార్, మీ ఫైల్ సంబంధిత టీమ్ దగ్గర ఉంది" అన్నది. టీమ్‌కు పేరుంటుందా అమ్మా అని అడిగితే లైన్ మీద పాట పెట్టింది.

జీఎస్టీ సంగతి కూడా చెప్పి ముగిస్తా. 2025 ఆగస్టులో 31,000 ప్రీమియం మీద 5,580 జీఎస్టీ కట్టాను. సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాకు జీఎస్టీ తీసేశారు. నెల తేడా. దీనికి కంపెనీని ఏమీ అనలేను, నా జాతకాన్నే అనాలి.

మార్కులంటే, తప్పు దిద్దడంలో అయిదుకు అయిదు, ఆస్పత్రిలో చేర్చుకునే రోజు అయిదు, ఇంటికి పంపే రోజు రెండు, రూము సంగతి దాచినందుకు ఒకటి. మొత్తానికి మూడు ఇస్తాను. వచ్చే ఏడు ఇదే కొనసాగిస్తానా అంటే కొనసాగిస్తాను. ఈ వయసులో బీపీ పెట్టుకుని కొత్త కంపెనీకి మళ్లీ మొదటి నుంచి రాసివ్వడం నావల్ల కాదు. మారాలనుకుంటే పోర్టింగ్ ఉంది, అంటే పాలసీని వేరే కంపెనీకి మార్చుకోవడం, ఇప్పటిదాకా ఆగిన ఏళ్లు పోవు, అది తెలుసు. కానీ కొత్త అండర్‌రైటర్ కాదనొచ్చు కూడా.

పోయిన వారం ఏజెంటు తమ్ముడు ఇంటికి వచ్చాడు, మా పక్కింటాయనకు పాలసీ అమ్మిపెట్టమని. చాయ్ ఇచ్చి, నా పాత రిజిస్టరు తీసి ఒక పేజీ ముందర పెట్టాను. రూము పరిమితి ఎంత, ఏ జబ్బుకు ఎన్నేళ్లు ఆగాలి, ఏవి ఇవ్వరు, ప్రీమియం ఎంత, నాలుగు లైన్లు నా చేత్తో రాసి ఉన్నాయి, పక్కింటాయనకు చూపించడానికి. చదివాడు. "అన్నీ కరెక్టే కదా రైటర్ సాబ్" అన్నాడు.

"కరెక్టైతే కింద సంతకం పెట్టు తమ్మీ."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పెన్ను తీశాడు. మొదటి లైను మళ్లీ చదివి, "ఒక్క నిమిషం, ఆఫీసుకు ఫోన్ చేసి అడుగుత" అని వరండాలోకి పోయాడు.